లాగిన్ తెర మీద ఎవరి పేరు?

కంప్యూటర్ ఆన్ చేశాక డెస్క్‌టాప్ కనిపించేలోపు మధ్యలో ఒక తెర వస్తుంది. పేరు అడుగుతుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇద్దరు ముగ్గురు వాడే యంత్రమైతే వాళ్ల పేర్లు వరసగా చూపించి, మీరెవరో ఎంచుకోమంటుంది. ఆ తెరను నడిపే ప్రోగ్రామును లాగిన్ మేనేజర్ అంటారు. లినక్సు యంత్రాల్లో దాని సెట్టింగులన్నీ ఒక చిన్న టెక్స్ట్ ఫైల్లో పట్టేస్తాయి. పేర్ల జాబితా చూపించాలా దాచాలా, ఫలానా పేరుతో ఎవరినీ అడక్కుండానే లోపలికి వెళ్లిపోవాలా, ఖాతా లేనివాళ్లను అతిథిగా రానివ్వాలా, ఏ భాషలో పలకరించాలి అన్నవి పది పన్నెండు వరసల్లో తేలిపోతాయి. కంప్యూటర్ బిగించడానికి వచ్చిన కుర్రాడు ఈ పని ఐదు నిమిషాల్లో ముగించి వెళ్లిపోతాడు. ఈ యంత్రం ఎవరిది, ఎవరెవరిని వాడుకరులుగా లెక్కించాలి అన్నది ఆ ఐదు నిమిషాల్లోనే, ఎవరూ చర్చించకుండా, తేలిపోతుంది. పాత చిత్తూరు జిల్లాలో ఈ నిర్ణయానికి చెప్పుకోదగ్గ చరిత్రే ఉంది. 2002లో కుప్పం, 2008లో ప్రభుత్వ హైస్కూళ్లు, 2011లో మీసేవ అని దశాబ్దం తిరక్కుండానే మూడు పెద్ద ప్రయత్నాలు ఈ నేల మీద జరిగాయి. వాటిని వరసగా పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: ఇక్కడ కంప్యూటర్ మొదటినుంచీ పదిమంది కలిసి వాడుకున్న వస్తువు, కానీ దాన్ని ఎప్పుడూ ఒక్కరి సొత్తుగానే అమర్చాం. తక్కువ యంత్రాలున్నచోట లాగిన్ తెర మీద ఎక్కువ పేర్లు ఉండాల్సింది. జరిగింది అందుకు పూర్తిగా తలకిందులు.

అసలు లాగిన్ పుట్టిందే పంపకం కోసం. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బటో బృందం సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను ప్రదర్శించింది. గది నిండా ఉండే ఒకే యంత్రాన్ని అనేకమంది వేర్వేరు టెర్మినళ్ల దగ్గర కూర్చుని ఒకేసారి వాడుకునే ఏర్పాటు అది. ఎవరి ఫైళ్లు వాళ్లకు విడిగా ఉండాలి, ఎవరి వంతు సమయం వాళ్లకు లెక్క కట్టాలి. ఈ రెండింటి కోసం పేరూ పాస్‌వర్డూ వచ్చాయి. అక్కడ పరిశోధన చేస్తున్న అలన్ షెర్‌కు వారానికి నాలుగు గంటల వాటా చాలలేదు. 1962లో ఆయన పాస్‌వర్డుల ఫైలు మొత్తాన్ని ప్రింటు తీయించి, ఇతరుల ఖాతాల్లోంచి పని కానిచ్చుకున్నారు. కంప్యూటర్ పాస్‌వర్డు దొంగతనాల్లో మొదటిదిగా చెప్పుకునే ఈ ఘటన వెనక ఉన్నది రహస్యాల మీద ఆశ కాదు, యంత్రసమయం మీద ఆకలి. ఆ తరవాత 1970లలో వచ్చిన యూనిక్స్ ఈ ఏర్పాటును ఇంకా చక్కగా తీర్చింది. మనిషికి ఒక వరస చొప్పున ఒక ఫైలు. ఆ వరసలో కోలన్ గుర్తులతో విడదీసిన ఏడు గళ్లు. అందులో ఒకటి పూర్తి పేరుది, ఇంకొకటి ఆ మనిషి సొంత డైరెక్టరీది. హోమ్ డైరెక్టరీ అని దానికి పేరు. లాగిన్ అయినవాడికి యంత్రంలో దక్కే చోటు అదే. పేరు చెప్పడం ఎందుకంటే ఆ చోటుకు చేరడానికి. ఈ సంగతి గుర్తుంచుకుంటే తరవాతి కథ సులువుగా అర్థమవుతుంది.

బొమ్మల తెర మీద లాగిన్ అయ్యే ప్రోగ్రాముల్లో తొలినాటిది ఎక్స్‌డీఎం. 1988లో ఎక్స్ విండో వ్యవస్థ పదకొండో వెర్షన్ మూడో విడుదలతో అది బయటికొచ్చింది; రాసినవారు కీత్ ప్యాకర్డ్. మరుసటి ఏడాదికే దానికి ఒక నెట్‌వర్క్ పద్ధతి తోడైంది. సొంతంగా డిస్కు కూడా లేని చవక టెర్మినల్ ఒకటి ఆన్ కాగానే, నన్ను ఎవరు చూసుకుంటారని నెట్‌వర్కులో అడుగుతుంది. పెద్ద యంత్రం ఒకటి ముందుకొచ్చి దాని తెర మీద తన లాగిన్ పెట్టెను చూపిస్తుంది. ఒక్క కంప్యూటర్ చుట్టూ ఎన్నో కుర్చీలు వేసే నేర్పు లాగిన్ మేనేజర్‌కు పుట్టుకతో వచ్చింది. తొంభైల చివర్లో కేడీఈ, గ్నోమ్ డెస్క్‌టాపులతో వచ్చిన కేడీఎం, జీడీఎం ఈ నేర్పును అలాగే ఉంచుకుని, వాడుకరుల పేర్లనూ ఫొటోలనూ తెర మీద చూపించే అందాన్ని జోడించాయి. తిరుపతి డీటీపీ సెంటర్లకూ కంప్యూటర్ కోచింగ్ సంస్థలకూ మాత్రం ఈ వంశం పరిచయం కాలేదు. మన ఊళ్లకు ముందొచ్చినవి విండోస్ 95, 98. వాటిలోనూ పేరూ పాస్‌వర్డూ అడిగే పెట్టె ఉండేది, కానీ క్యాన్సిల్ బటన్ నొక్కితే చాలు, నేరుగా డెస్క్‌టాప్ వచ్చేసేది. ఆ పెట్టె అడ్డమే తప్ప దానితో పనేమీ లేదన్న అభిప్రాయం ఒక తరం మొత్తానికి అక్కడే స్థిరపడింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ రబ్బరు బాతు, గిటారు, చదరంగం పావుల బొమ్మలతో స్వాగత తెర తెచ్చేటప్పటికి, యంత్రానికి ఒకే ఖాతా పెట్టుకునే అలవాటు ముదిరిపోయింది.

ఆ అలవాటుకు కంప్యూటర్ కంటే పాత వేళ్లు కూడా ఉన్నాయి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేనాటికే ఊరి భూముల లెక్కలన్నీ కరణం చేతిలో ఉండేవి. ఎవరి పొలం ఎంత, ఏ మడిలో ఏ పంట, ఎవరి శిస్తు ఎంత బాకీ అన్నది కావాలంటే రైతు కరణం అరుగు ముందు నిలబడాల్సిందే. లెక్కలో పేరు రైతుది, లెక్క విప్పే చెయ్యి కరణానిది. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం వంశపారంపర్యంగా వస్తున్న గ్రామాధికారుల పోస్టులను ఆర్డినెన్సుతో రద్దు చేసింది, మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. లెక్కల పుస్తకం ఊరినుంచి మండల ఆఫీసుకు చేరింది. 1998 నవంబర్‌లో రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటరీకరణ మొదలయ్యాక సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో దస్తావేజు వివరాలు తెర మీదికి ఎక్కాయి. పుస్తకం పోయి తెర వచ్చినా, దాన్ని విప్పేవాడు వేరు, అందులో పేరున్నవాడు వేరు అన్న ఏర్పాటు చెక్కు చెదరలేదు. లాగిన్ మేనేజర్‌లాంటి పరికరం ఈ ఏర్పాటును మార్చగల శక్తి ఉన్నది కనకనే, మార్చకపోవడం చరిత్రలో నమోదు చేయదగ్గ విషయమని నేననుకుంటాను.

కుప్పం ప్రయోగం ఈ కథలో అన్నిటికంటే ఆసక్తికరమైనది. హ్యూలెట్-ప్యాకర్డ్ (హెచ్‌పీ) సంస్థ 2000లో మొదలుపెట్టిన ఇ-ఇన్‌క్లూజన్ కార్యక్రమం కింద, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి, 2002 ఫిబ్రవరిలో కుప్పం ఐ-కమ్యూనిటీని ప్రారంభించింది. గడువు మూడేళ్లు. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు నియోజకవర్గం కావడం ఎంపికకు ఒక కారణం కావచ్చు గానీ, ఆ ప్రాంతం స్వభావం కూడా ప్రయోగానికి సరిపోయింది. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు, మధ్యలో దాదాపు 3 లక్షల జనాభా. ఎక్కువమంది వర్షాధార సేద్యం మీద బతికేవాళ్లు. సంతకు వచ్చిన మనిషి ఒకే పూటలో మూడు భాషలు మాట్లాడే చోటు అది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ నెలకొల్పడానికి కారణమూ ఆ భాషల కూడలే. ఐ-కమ్యూనిటీ కింద ఊళ్లలో సమాచార కేంద్రాలు వెలిశాయి. స్థానికులే వాటిని వ్యాపారంగా నడిపేవారు. జిరాక్స్, డీటీపీ, కంప్యూటర్ శిక్షణ, ఇంటర్నెట్, ప్రభుత్వ పథకాల వివరాలు అన్నీ ఒకేచోట దొరికేవి. పొదుపు సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే చిన్న ప్రింటరు ఇచ్చి ఊళ్లలో ఫొటోగ్రాఫర్లుగా తయారుచేశారు. గుర్తింపు కార్డుకు ఫొటో కావాలంటే టౌనుకు బస్సెక్కే పని తప్పింది, తీసినవాళ్లకు నాలుగు డబ్బులు మిగిలాయి. యంత్రం చేతికొస్తే ఊరి ఆడవాళ్లు ఏం చేయగలరో ఆ ప్రయత్నం తిరుగులేకుండా చూపించింది. ఆ కెమెరాను, సమాచార కేంద్రంలోని కంప్యూటర్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. కెమెరా పూర్తిగా ఆ మహిళ చేతిలో ఉంది. కేంద్రంలోని కంప్యూటర్ మాత్రం బల్లకు అవతల ఉంది. ఇవతల నిలబడ్డ మనిషి అడుగుతాడు, అవతల కూర్చున్న మనిషి నొక్కుతాడు.

అదే కార్యక్రమం కింద హెచ్‌పీ దక్షిణాఫ్రికాలో, లింపోపో రాష్ట్రంలోని మొగలక్వేనాలో ఇంకో ఐ-కమ్యూనిటీని నడిపింది. 2004 ప్రాంతంలో ఆ దేశపు బడుల కోసం తెచ్చినదే హెచ్‌పీ 441 అనే యంత్రం. పెట్టె ఒకటే, దానికి నాలుగు మానిటర్లు, నాలుగు కీబోర్డులు, నాలుగు మౌసులు. మ్యాండ్రేక్ లినక్సు మీద నలుగురు పిల్లలు ఒకేసారి, ఎవరి తెర మీద వాళ్లు, ఎవరి పేరుతో వాళ్లు పనిచేసుకునేవారు. దీని వెనక హార్డ్‌వేర్ మాయ పెద్దగా లేదు. బ్రెజిల్‌కు చెందిన మిగెల్ ఫ్రెయిటస్ 1999లోనే ఎక్స్ సర్వర్‌కు మార్పులు చేసి, ఒక్కో కీబోర్డునూ మౌసునూ ఒక్కో తెరకు ముడివేసే పద్ధతి చూపించారు. మిగతాది లాగిన్ మేనేజర్ పని. కేడీఎం సెట్టింగుల ఫైల్లో స్టాటిక్ సర్వర్స్ అనే వరస ఒకటుండేది. మామూలు యంత్రంలో దానికెదురుగా సున్నా అనే ఒక్క డిస్‌ప్లే అంకె ఉండేది. అక్కడ సున్నా, ఒకటి, రెండు, మూడు అని రాస్తే నాలుగు తెరల మీద నాలుగు లాగిన్ పెట్టెలు లేచేవి. మూడు అంకెలు చేర్చితే మూడు కుర్చీలు పెరిగేవి. డబ్బు తక్కువ, మనుషులు ఎక్కువ ఉన్న ఊరికి ఇంతకంటే తగిన సెట్టింగు ఏముంటుంది?

ఆంధ్రప్రదేశ్‌కు ఈ ఆలోచన 2008లో వేరే దారిన వచ్చింది. రాష్ట్రవ్యాప్తంగా 5,000 ప్రభుత్వ హైస్కూళ్లలో కంప్యూటర్ ల్యాబులు పెట్టే పథకానికి ఎన్‌కంప్యూటింగ్ సంస్థ పరికరాలను ఎంచుకున్నారు. ఒక ప్రధాన కంప్యూటర్, దానినుంచి కేబుళ్లతో చిన్న చిన్న పెట్టెలు, ఒక్కో పెట్టెకు ఒక మానిటర్, కీబోర్డు, మౌస్. రాష్ట్రం మొత్తం మీద దాదాపు 50,000 సీట్లు. కొన్న లెక్కలో చూస్తే గొప్ప పొదుపు, అందులో సందేహం లేదు. బడికి పది తెరలు వేరే దారిలో వచ్చేవి కావు. ఒక్క యంత్రం చుట్టూ ఎన్నో కుర్చీలు వేసిన 1989 నాటి ఎక్స్ టెర్మినళ్ల ఆలోచనే దేశంలోనే పెద్ద ఎత్తున మన బడుల్లోకి దిగింది. కానీ కుర్చీలు పెరిగినంత మాత్రాన పేర్లు పెరగవు. బడి ల్యాబుల్లో మామూలుగా కనిపించే ఖాతాలు స్టూడెంట్1, స్టూడెంట్2 అని సీటు నంబరును బట్టి ఉంటాయి, పిల్లలను బట్టి కాదు. పాస్‌వర్డు అందరికీ ఒకటే, లేదా అసలు లేకుండా ఆటోమేటిక్ లాగిన్. ఎనిమిదో తరగతి పిల్ల సోమవారం గీసిన బొమ్మ మీద బుధవారం తొమ్మిదో తరగతివాళ్లు ఇంకేదో గీస్తారు. తన ఫైలు మళ్లీ తనకు దొరుకుతుందన్న నమ్మకం లేనిచోట పిల్లలు ఏదీ పూర్తిచేయరు; పూర్తిచేసి లాభమేమిటి? ల్యాబు పిరియడ్ ముగిసేలోపు అయిపోయే పనులే, అంటే టైపింగూ పెయింటింగూ ఆటలూ మిగులుతాయి. బడి కంప్యూటర్ విద్య ఎందుకు నిలదొక్కుకోలేదని అడిగినప్పుడు కరెంటు, టీచర్లు, నిర్వహణ కాంట్రాక్టుల గురించి మాట్లాడతాం. అవన్నీ నిజమే. వాటి సరసన, పైసా ఖర్చులేని ఈ లోటును కూడా చేర్చాలి.

భాష దగ్గర ఈ లోటు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. లాగిన్ మేనేజర్‌కు ఉన్న అరుదైన గుణం, అది ఒక్కొక్కరి భాషను ఒక్కొక్కరి పేరుతో గుర్తుపెట్టుకుంటుంది. ఒకరు తెలుగు ఎంచుకుంటే వాళ్లకు డెస్క్‌టాప్ తెలుగులో, పక్కవాళ్లు తమిళం ఎంచుకుంటే తమిళంలో, ఇంకొకరికి కన్నడంలో తెరుచుకుంటుంది. యంత్రం మాత్రం ఒకటే. కుప్పం లాంటి ఊరికి దీని విలువ ఎంతో చెప్పనక్కర్లేదు. ఒకే ఖాతా పెట్టినచోట యంత్రానికి ఒకే భాష ఉంటుంది, అది ఆపరేటర్ భాష, ఎక్కువ చోట్ల ఇంగ్లీషు. తెలుగుకు అప్పటికి సరంజామా లేదా అంటే, ఉంది. 1991లో వచ్చిన తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అంతకుముందే ప్రమాణంగా ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. 2005లో హైదరాబాదు నుంచి స్వేచ్ఛ అనే తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చింది, 2007లో చెన్నై సీడాక్ నుంచి తెలుగుతో సహా భారతీయ భాషలు తెలిసిన బాస్ లినక్సు వచ్చింది. ఆ తరవాత సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లలో ఒకదానికి శ్రీకాళహస్తి కవి ధూర్జటి పేరే పెట్టారు. రాజుల కొలువును ఈసడించిన ఆ కవి పేరు ఇప్పుడు ఎవరి కొలువులో ఉన్నవాళ్లయినా తెలుగు రాసుకోవడానికి అక్కరకొస్తోంది, ఆ సంగతి నాకు సంతోషం కలిగిస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు మాత్రం నిజంగానే ఉంది. డెబియన్ లాంటి లినక్సు వ్యవస్థల్లో లాగిన్ పేరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఉండాలన్న నియమం మొదటినుంచీ వస్తోంది. కానీ పూర్తి పేరు రాసే గడి వేరే ఉందని పైన చెప్పాను. ఆ గడిలో తెలుగు రాసుకోవచ్చు, లాగిన్ తెర మీద జాబితాలో కనిపించేది కూడా ఆ పేరే. లోపల యంత్రానికి ఇంగ్లీషు గుర్తు, బయట మనిషికి సొంత లిపిలో పేరు. పాస్‌వర్డు తెలుగులో పెట్టుకుంటే జాగ్రత్త అవసరం. శ్రీ అన్న ఒక్క అక్షరానికి యూనికోడ్‌లో శకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం అని నాలుగు సంకేతాలున్నాయి. ఒక అక్షరం రాశాననుకున్నవాళ్లకు తెర మీద నాలుగు చుక్కలు కనిపిస్తాయి. పైగా లాగిన్ తెర మీద కీబోర్డు తెలుగులో లేకపోతే సొంత ఖాతాలోకి సొంతదారే వెళ్లలేరు. కాబట్టి పాస్‌వర్డుకు అంకెలు, పేరుకు తెలుగు అన్నది తెలివైన ఏర్పాటు.

నెట్ సెంటర్ల సంగతికొస్తే కథ మరో మలుపు తిరుగుతుంది. తిరుపతి బస్టాండు చుట్టుపక్కల, యూనివర్సిటీ రోడ్డులో విద్యార్థులకు ఇంటర్నెట్ పరిచయమైంది ఇలాంటి చోట్లే. 2011 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం సైబర్ కేఫ్‌లకు నియమాలు తెచ్చింది. వచ్చిన ప్రతి మనిషి గుర్తింపు కార్డు చూడాలి. పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఏ కంప్యూటర్ దగ్గర కూర్చున్నారు, ఎన్నింటికి లాగిన్ అయ్యారు, ఎన్నింటికి లేచారు అన్నది రిజిస్టర్లో రాసి ఏడాది పాటు భద్రపరచాలి. క్యాబిన్ల మధ్య అడ్డుగోడ నాలుగున్నర అడుగులు దాటకూడదు. ఆ రిజిస్టర్ గళ్లను ఒకసారి జాగ్రత్తగా చదవండి. పేరు, సీటు, వచ్చిన వేళ, పోయిన వేళ; లాగిన్ మేనేజర్ తన లాగ్ ఫైల్లో రాసుకునే వివరాలే ఇవి. అర్ధ శతాబ్దం కింద అలన్ షెర్ వాటా లెక్కకట్టిన వివరాలు కూడా ఇవే. తేడా ఒక్కటి. యూనిక్స్ ఫైల్లో మనిషి పేరున్న వరసలోనే అతని హోమ్ డైరెక్టరీ కూడా రాసి ఉంటుంది. నెట్ సెంటర్ రిజిస్టర్లో ఆ గడి లేదు. పేరు తీసుకున్నారు, చోటివ్వలేదు.

పేరున్న లాగిన్ మన ఆఫీసులకు అసాధ్యమని ఎవరైనా అంటే మీసేవను చూపించవచ్చు. 2011 నవంబర్ 4న అప్పటి ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి సొంత జిల్లా చిత్తూరులోనే అది మొదలైంది. రెవెన్యూ, రిజిస్ట్రేషన్ శాఖలకు చెందిన పది సేవలు తొలి విడతలో ఉన్నాయి. అడంగల్ నకలు కోసం, కుల ధ్రువీకరణ కోసం మండల ఆఫీసు చుట్టూ తిరిగిన జనానికి అది ఎంత పెద్ద ఊరటో ఆ తిరుగుడు తెలిసినవాళ్లకే తెలుసు. రికార్డులను ముందే కంప్యూటర్‌కెక్కించి, అధికారులచేత వాటి మీద ఒక్కసారిగా డిజిటల్ సంతకాలు చేయించి నిల్వ ఉంచారు. అలా సిద్ధంగా ఉన్నవి కౌంటర్ దగ్గర నిలబడ్డ కాసేపట్లోనే చేతికొచ్చేవి. విచారణ అవసరమైనవి తహసీల్దార్ తన లాగిన్‌లో చూసి, యూఎస్‌బీ టోకెన్ గుచ్చి, పిన్ నొక్కి ఆమోదిస్తే వచ్చేవి. ధ్రువపత్రం మీద ఎవరు, ఏ రోజు సంతకం పెట్టారో ఉంటుంది. పత్రం నంబరుతో ఎక్కడినుంచైనా సరిచూసుకోవచ్చు. కరణం కాలంతో పోల్చితే ఇది తక్కువ మార్పు కాదు. లెక్క విప్పిన చెయ్యి ఎవరిదో మొదటిసారి లెక్కలోనే నమోదైంది. ఫైలు ఎవరి బల్ల మీద ఎన్నిరోజులుందో కనిపిస్తోంది. అంటే ఎవరి పేరు వాళ్లకు విడిగా ఉంటేనే జవాబుదారీ ఉంటుందని ప్రభుత్వానికి బాగా తెలుసు, తన మనుషుల విషయంలో దాన్ని పట్టుదలగా అమలు చేసింది కూడా. అధికారికి లాగిన్ ఉంది, ఆపరేటర్‌కు లాగిన్ ఉంది. కౌంటర్‌కు ఇవతల నిలబడ్డ మనిషికి దరఖాస్తు నంబరు ఉంది. పని పూర్తయ్యాక ఆ నంబరుతో అవసరం తీరిపోతుంది, మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ కొత్త మనిషే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం గట్టిదే. ఏడాదికొకసారి ఆదాయ ధ్రువీకరణ కోసం వచ్చే కూలీకి కంప్యూటర్లో ఖాతా ఎందుకు? చదువు రానివాళ్లను పాస్‌వర్డు అడగడమంటే తలుపు మూయడమే కదా. ఆపరేటర్ చేతుల మీదుగా పని జరగడం వల్లే వాళ్లకు సేవ అందింది. కూలీ విషయంలో ఈ మాట పూర్తిగా నిజం, నేను ఒప్పుకుంటాను. కానీ ఉమ్మడి కంప్యూటర్ దగ్గరికి వచ్చేవాళ్లంతా ఏడాదికొకసారి వచ్చేవాళ్లు కారు. వారానికి మూడు పిరియడ్లు ల్యాబుకు వచ్చే పిల్లలున్నారు. పొదుపు సంఘం లెక్కలు రాసే మహిళ ఉంది, గ్రంథాలయానికి పోటీ పరీక్షల కోసం రోజూ వచ్చే యువకులున్నారు. వీళ్లకు పేరు కావాలి. అప్పుడప్పుడూ వచ్చేవాళ్లకు అతిథి ఖాతా చాలు. మర్చిపోయిన పాస్‌వర్డు సంగతా? నగరంలో అది తలనొప్పి, ఎందుకంటే అడిగేది ఎవరో తేల్చుకోవాలి. ఊరి కేంద్రంలో ఆపరేటర్‌కు ముఖం తెలుసు, ఇల్లు తెలుసు. నిమిషంలో కొత్త పాస్‌వర్డు పెట్టివ్వగలడు. పెద్ద సంస్థలకు దొరకని వెసులుబాటు మన ఊళ్లకు ఊరికే దొరికింది, దాన్ని మనం వాడుకోలేదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది: పేరుతో లాగిన్ అంటే నిఘా కాదా, అందరికీ ఒకే ఖాతా ఉంటే ఎవరు ఏం చూశారో ఎవరికీ తెలియదు కదా అని. నా అభిప్రాయంలో ఉమ్మడి ఖాతా మనిషిని దాచదు, బట్టబయలు చేస్తుంది. ముందు కూర్చున్నవారు మూసేయడం మర్చిపోయిన మెయిల్, డౌన్‌లోడ్ ఫోల్డర్లో మిగిలిపోయిన ఆధార్ కాపీ, బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న బ్యాంకు పేజీ తరవాత వచ్చినవాళ్లందరికీ కనబడతాయి. విడి ఖాతాల్లో ఒకరి డైరెక్టరీ మరొకరికి తెరుచుకోకుండా చేయవచ్చు. అతిథి ఖాతా అయితే ఇంకా శుభ్రం. ఉబుంటు లినక్సులో 2008 నుంచే ఈ సౌకర్యం ఉండేది. 2011లో లైట్‌డీఎం దాని లాగిన్ మేనేజర్ అయ్యాక ఫైల్లో అలౌ-గెస్ట్ అనే ఒక్క వరసతో అది అదుపులో ఉండేది. అతిథిగా వచ్చినవారికి తాత్కాలికంగా ఒక డైరెక్టరీ పుట్టేది, లాగౌట్ కాగానే అందులోవన్నీ చెరిగిపోయేవి. 2017లో ఒక భద్రతా లోపం బయటపడి దాన్ని ఆపేశారు, అదే ఏడాది ఉబుంటు జీడీఎంకు మారాక ఆ సౌకర్యం మామూలు అమరికలోంచి తప్పుకుంది. ఉమ్మడి యంత్రాలు ఎక్కువున్న దేశాలకు అది నష్టమని నేను భావిస్తాను. ఇప్పుడు దాన్ని తిరిగి ఏర్పరచాలంటే లాగౌట్ కాగానే డైరెక్టరీని తుడిచే చిన్న స్క్రిప్టు రాసుకోవాల్సి వస్తోంది.

చేతిలో ఫోన్ వచ్చాక ఈ చర్చకు కాలం చెల్లిందనేవాళ్లూ ఉన్నారు. 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలను రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌లోకే తెచ్చింది. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్‌కు కూడా ఫోన్‌కు వచ్చే ఓటీపీయే లాగిన్. సౌకర్యం ఎంతో ఉంది, కాదనను. కానీ ఫోన్ నంబరు మనిషి పేరుతో సమానమన్న ఊహ మీద ఇదంతా నిలబడింది. ఇంటికంతా ఒకటే నంబరున్నచోట తల్లి పింఛను ఓటీపీ కొడుకు ఫోన్‌కు వస్తుంది, చదువుకునే కూతురి హాల్‌టికెట్ మెసేజ్ తండ్రి ఫోన్‌కు వస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఒకే పరికరానికి ఎక్కువమంది వాడుకరులను పెట్టుకునే వీలు 2012లో ట్యాబ్లెట్లకు, 2014లో ఫోన్లకు వచ్చింది. అయితే అది సెట్టింగుల లోతుల్లో ఉంటుంది, కొన్ని కంపెనీలు తమ ఫోన్లలోంచి దాన్ని తీసేస్తాయి కూడా. సమాచార కేంద్రంలో బల్లకు అవతలి మనిషి చేసిన పనిని ఇప్పుడు ఇంట్లో ఫోన్ పట్టుకున్న మనిషి చేస్తున్నాడు.

బడి ల్యాబులు, శాఖా గ్రంథాలయాలు, గ్రామ సచివాలయాలు ఇంకా ఉమ్మడి యంత్రాల మీదే నడుస్తున్నాయి, వాటిని మళ్లీ అమర్చే అవకాశం ప్రతి జూన్‌లోనూ వస్తుంది. లినక్సులో న్యూయూజర్స్ అనే ఆదేశం ఒకటుంది. మనిషికొక వరస చొప్పున రాసిన ఫైలు ఇస్తే అందరి ఖాతాలూ ఒక్క ఊపులో తయారుచేస్తుంది. హాజరుపట్టీ చూసి, లాగిన్ గడిలో అడ్మిషన్ నంబరు ముందు ఒక ఇంగ్లీషు అక్షరం, పూర్తి పేరు గడిలో పిల్లల పేరు తెలుగులో, హోమ్ డైరెక్టరీ గడిలో వాళ్ల చోటు రాసుకుంటూ పోవాలి. కుప్పం బడిలో అయితే భాష ఎంపికను పిల్లలకే వదిలేయవచ్చు, ఒకసారి ఎంచుకుంటే యంత్రం గుర్తుపెట్టుకుంటుంది. 200 మంది పిల్లలున్న హైస్కూలుకు ఆ ఫైలు టైపు చేయడం ఒక మధ్యాహ్నం పని.